టీఎం1 మోడల్ 4 సిగ్మాతో కొట్టుకుపోతోంది, నమ్మబుద్ధి కావడం లేదు: డెల్టా ఫిట్‌లో తప్పెక్కడ?

లాసన్స్‌బే_లెప్టాన్

అందరికీ నమస్కారం. న్యూట్రినోల్లో సీపీ ఉల్లంఘన (కణాలూ ప్రతికణాలూ వేర్వేరుగా ప్రవర్తించడం, దాన్ని చెప్పే కోణమే డెల్టా) ఎంతుండాలో ముందే చెప్పే ఫ్లేవర్ మోడల్స్ మూడింటిని టీ2కే (జపాన్), నోవా (అమెరికా) న్యూట్రినో ప్రయోగాల ముందు నిలబెట్టి చూస్తున్నాను. జవాబు వస్తోంది గానీ అది తేడాగా ఉంది. సెటప్ మొత్తం రాస్తున్నా, ఓపిగ్గా చూడండి.

మొదటిది మ్యూ–టౌ రిఫ్లెక్షన్: థీటా23 సరిగ్గా 45 డిగ్రీలు, డెల్టా ప్లస్ 90 లేదా మైనస్ 90 (థీటా12, 13, 23 మూడూ న్యూట్రినోల కలయిక కోణాలు). రెండోది టీఎం1: ట్రైబైమాక్సిమల్ మాత్రికలో (న్యూట్రినోల కలయికకి ప్రతిపాదించిన ఒక స్థిర నమూనా) మొదటి నిలువు వరుసని ముట్టుకోకుండా మిగతా రెండింటినీ కలిపి తిప్పేది. మూడోది టీఎం2: అందులో రెండో నిలువు వరుస కదలదు. డెల్టాకి నేను వాడిన సూత్రాలు ఇవి (స అంటే సైన్ థీటా13):

టీఎం1: కాస్ డెల్టా = −కాట్(2థీటా23) × (1−5స²) ÷ [2√2 × స × √(1−3స²)]

టీఎం2: కాస్ డెల్టా = కాట్(2థీటా23) × (1−2స²) ÷ [స × √(2−3స²)]

సిమ్యులేషన్ గ్లోబ్స్‌లో (న్యూట్రినో ప్రయోగాల్ని అనుకరించే సాఫ్ట్‌వేర్), కోడ్ సీ భాషలో. ట్రూ విలువలు: థీటా12 33.7 డిగ్రీలు, థీటా13 8.57, థీటా23 49, డెల్టా −90. మాస్ స్క్వేర్ తేడాలు 7.5×10⁻⁵, 2.51×10⁻³ ఈవీ². నార్మల్ ఆర్డరింగ్ (మూడో మాస్ అన్నిటికన్నా బరువైనది). టెస్ట్ వైపు థీటా23ని 38 నుంచి 53 డిగ్రీల దాకా పావు డిగ్రీ చొప్పున జరుపుతూ, ప్రతి చోటా పై సూత్రంతో డెల్టా తీసి ఫిట్‌కి ఇస్తున్నాను. మిగతావన్నీ ఫిక్స్ చేశాను. మ్యూ–టౌకి మాత్రం 45, −90 అని నేరుగా ఇచ్చాను.

వచ్చిన కనిష్ఠ కై-స్క్వేర్‌లు (డేటాకీ మోడల్‌కీ ఎంత తేడా ఉందో చెప్పే అంకెలు, చిన్నదైతే మంచిది): మ్యూ–టౌ 2.1, టీఎం1 16.3, టీఎం2 4.2. అంటే టీఎం1 నాలుగు సిగ్మాతో (అనిశ్చితికి నాలుగు రెట్ల దూరంలో) పోయినట్టు. చదివిన పేపర్లలో టీఎం1 హాయిగా బతికే ఉంది, టీఎం2కే కష్టకాలమని రాస్తున్నారు. నాకు సరిగ్గా తిరగబడి వచ్చింది. ఇంకో సంగతి, టీఎం2లో థీటా23 51.1 డిగ్రీలు దాటితే డెల్టా బదులు నాన్ (అంకె కానిది అనే గుర్తు) వస్తోంది. ఈ రెంటికీ సంబంధం ఉందా?

---

కైలాసగిరి_కైస్క్వేర్

కోడ్ చూడక్కర్లేదండి, మీరిచ్చిన మూడు అంకెల్లోనే దొంగ దొరికాడు.

టీఎం1 సూత్రంలో థీటా23కి 45 పెట్టండి. కాట్ 90 సున్నా, కాబట్టి కాస్ డెల్టా సున్నా, డెల్టా ప్లస్ లేదా మైనస్ 90. అంటే మ్యూ–టౌ చెప్పే బిందువు టీఎం1 గీత మీదే ఉంది. మీరు థీటా12ని రెండు మోడల్స్‌లోనూ ఒకే విలువ దగ్గర ఫిక్స్ చేశారు కాబట్టి, టీఎం1 కనిష్ఠం మ్యూ–టౌ కనిష్ఠం కన్నా పెద్దది కావడం గణితపరంగానే కుదరదు. 2.1 లేదా అంతకన్నా తక్కువ రావాలి. 16.3 వచ్చిందంటే ఫిజిక్స్ వరకూ వెళ్లే పని లేదు, కోడ్ ఆ బిందువుని అసలు తాకనే లేదు.

ఎందుకు తాకలేదంటే, ఆర్క్‌కాస్. సీ లైబ్రరీలో ఆ ఫంక్షన్ 0 నుంచి 180 డిగ్రీల మధ్యే జవాబిస్తుంది. మీ ట్రూ డెల్టా −90. టీఎం1 గీతకి కింద ఇంకో సగం ఉంది, అద్దంలో బొమ్మలా. ఆ సగంలోకి మీ స్కాన్ అడుగే పెట్టలేదు. పై సగంలో 90 చుట్టూ తిరుగుతున్న డెల్టాకి −90 ట్రూ డేటాతో 16 రావడం సహజం, అంతకన్నా దూరం ఇంకెక్కడా లేదు కదా.

మరి టీఎం2 ఎలా తప్పించుకుంది? దాని గీత నిటారుగా ఉంటుంది. స = 0.149 పెట్టి చూస్తే:

థీటా23 49 డిగ్రీలు: టీఎం1 డెల్టా ±72, టీఎం2 డెల్టా ±130.

థీటా23 42.1 డిగ్రీలు: టీఎం1 ±103, టీఎం2 ±62.

థీటా23 50.9 డిగ్రీలు: టీఎం2 ±164.

చూశారా, టీఎం2 పై సగంలోనే పాక్కుంటూ 180 దగ్గరికి చేరిపోయింది. 180 నుంచి −90కి దూరం 90 డిగ్రీలే. అందుకే 4.2తో సరిపెట్టుకుంది. మీ నాన్‌కి కారణం కూడా ఆ నిటారుతనమే: 51.1 దాటితే కాస్ డెల్టా పరిమాణం 1ని మించుతుంది, అంటే ఆ థీటా23 దగ్గర టీఎం2కి పరిష్కారమే లేదు. ఇటువైపు 38.9 కిందా అంతే. అది బగ్ కాదు, మోడల్ చెప్పే మాట. అక్కడ కై-స్క్వేర్‌కి పెద్ద అంకె ఇచ్చి వదిలేయండి. నాన్‌ని కనిష్ఠం వెతికే లూప్‌లోకి మాత్రం రానివ్వకండి. నాన్‌తో చిన్నదా, పెద్దదా, సమానమా అని ఏ పోలిక చేసినా తప్పు అనే తేలుతుంది. మీ లూప్ ఎలా రాశారో దాన్ని బట్టి పాత కనిష్ఠం చెరిగిపోవచ్చు, చడీచప్పుడు లేకుండా.

సవరణకి రెండు దారులు. సులువైనది, ప్రతి థీటా23 దగ్గరా డెల్టా, −డెల్టా రెండూ ఇచ్చి చిన్నది తీసుకోవడం. నాకు నచ్చేది రెండోది: సూత్రం పక్కన పెట్టి మోడల్ అసలు పరామితులతోనే పనిచేయడం. టీఎం1 అంటే ట్రైబైమాక్సిమల్ మాత్రికని 2–3 తలంలో థీటా కోణంతో, ఫై ఫేజ్‌తో తిప్పడమే. సైన్ థీటా13 = సైన్ థీటా ÷ √3, కాబట్టి థీటా సుమారు 15 డిగ్రీలు. టీఎం2లో 1–3 తలం, సైన్ థీటా13 = √(2/3) × సైన్ థీటా, థీటా సుమారు 10.5. ఫైని 0 నుంచి 360 తిప్పండి, మాత్రిక కట్టండి, దాన్నుంచి థీటా23 తీయండి. డెల్టాకి సైనూ (సీపీ ఉల్లంఘన పరిమాణం చెప్పే జార్ల్‌స్కోగ్ రాశి నుంచి), కాసూ రెండూ తీసి ఆర్క్‌టాన్2కి ఇవ్వండి. ఇక పై సగం, కింద సగం గొడవే ఉండదు.

ఏ దారిలో వెళ్లినా ఫిట్‌కి పంపే ముందు ఒక పరీక్ష పెట్టండి. టీఎం1 అయితే మ్యూ1 మూలకం వర్గం 1/6 రావాలి, టీఎం2 అయితే మ్యూ2 మూలకం వర్గం 1/3. ఎనిమిది దశాంశాల దాకా సరిపోకపోతే ప్రోగ్రాం అక్కడికక్కడే ఆగిపోవాలి. రెండు లైన్ల పని.

---

సింహాచలం_సంపెంగ

పైన చెప్పింది సగం రోగం. మిగతా సగం మీ ప్రశ్నలో "మిగతావన్నీ ఫిక్స్ చేశాను" అన్న ముక్కలో ఉంది.

టీఎం1, టీఎం2 చెప్పేది ఒక్క డెల్టా గురించే కాదు. థీటా12 గురించి ఇంకా గట్టిగా చెబుతాయి:

టీఎం1: సైన్² థీటా12 = 1 − 2 ÷ (3 కాస్² థీటా13) = 0.318

టీఎం2: సైన్² థీటా12 = 1 ÷ (3 కాస్² థీటా13) = 0.341

మీరు రెంటికీ 33.7 డిగ్రీలు, అంటే 0.308 ఇచ్చేశారు. అంటే డెల్టా సూత్రం మోడల్‌ది, థీటా12 ఇంకెవరిదో. అలాంటి మాత్రిక టీఎం1 కాదు, టీఎం2 అంతకన్నా కాదు. టీఎం2 తప్పాల్సిన పరీక్షకి మీరే హాజరు వేసి పాస్ చేయించారు.

ఈ పరీక్ష పెట్టేది టీ2కే, నోవా కాదు, వాటికి థీటా12 అంటే దాదాపు పట్టదు. సౌర న్యూట్రినోలు, రియాక్టర్ న్యూట్రినోలు పెడతాయి. చైనాలోని రియాక్టర్ ప్రయోగం జూనో 2025లో తొలి 59 రోజుల డేటాతోనే సైన్² థీటా12 = 0.3092 ± 0.0087 అని ఇచ్చింది. టీఎం1 దీనికి ఒక సిగ్మా దూరం. టీఎం2 మూడున్నర సిగ్మా పైచిలుకు. కాగితం మీద వేసే లెక్క, గ్లోబ్స్ తెరవక్కర్లేదు.

కాబట్టి ప్రయర్‌లు (వేరే ప్రయోగాల నుంచి ముందే తెలిసిన విలువలూ, వాటి అనిశ్చితులూ) పెట్టండి, కానీ చూసి పెట్టండి. ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. థీటా13కి గ్లోబల్ ఫిట్ విలువని ప్రయర్‌గా పెడతారు. ఆ గ్లోబల్ ఫిట్‌లో టీ2కే, నోవా డేటా ఇప్పటికే ఉంది. మళ్లీ టీ2కే, నోవా కై-స్క్వేర్ కలిపితే ఒకే డేటాని రెండుసార్లు లెక్కపెట్టినట్టు, ఒకే బిల్లుకి రెండుసార్లు డబ్బు వసూలు చేసినట్టు. రియాక్టర్ విలువ మాత్రమే వాడండి: దయా బే తుది ఫలితం సైన్² 2థీటా13 = 0.0851 ± 0.0024. థీటా12కి జూనో. థీటా23, డెల్టాలకి ప్రయర్ ససేమిరా వద్దు, మీరు పరీక్షిస్తున్నవే అవి.

గ్లోబ్స్‌లో మామూలు ప్రయర్ ఒక్కో పరామితికీ విడిగా గౌసియన్‌గా పడుతుంది. టీఎం1లో థీటా12 థీటా13 మీద ఆధారపడుతుంది కాబట్టి అది చాలదు. సొంత ప్రయర్ ఫంక్షన్ రిజిస్టర్ చేయొచ్చు. లేదా కైలాసగిరి గారు చెప్పిన థీటా, ఫైలనే పరామితులుగా తీసుకునే ప్రాబబిలిటీ ఇంజిన్ రాసి రిజిస్టర్ చేయొచ్చు. రెండోది రాయడానికి ఒక పూట పడుతుంది. తర్వాత మోడల్ మార్చినప్పుడల్లా ఆ పూట తిరిగొస్తుంది.

---

పెదవాల్తేరు_బీమ్‌లైన్

మోడల్ సంగతి వాళ్లిద్దరూ చూసుకున్నారు. నాకు ప్రయోగం వైపు నుంచి కొన్ని అనుమానాలున్నాయి.

మీ టీ2కే ఫైల్ ఎక్కడిది? గ్లోబ్స్‌తో పాటు వచ్చేదే అయితే అది ప్రయోగం మొదలవ్వక ముందటి డిజైన్ అంకెలతో రాసినది. దానితో "ఇప్పటి డేటా ప్రకారం" అని ఏమీ రాయకూడదు. ఫైల్ సరైనదో కాదో తేల్చుకునే పద్ధతి ఒకటే, ఈవెంట్ల సంఖ్య సరిపోవాలి. టీ2కే 2020లో నేచర్‌లో వేసిన విశ్లేషణలో న్యూట్రినో మోడ్‌కి 1.49×10²¹, యాంటీ న్యూట్రినో మోడ్‌కి 1.64×10²¹ ప్రోటాన్లు. సింగిల్ రింగ్ ఎలక్ట్రాన్ ఈవెంట్లు 75, 15. నోవా 2020 డేటాలో ఎలక్ట్రాన్ న్యూట్రినో అభ్యర్థులు 82, అందులో బ్యాక్‌గ్రౌండ్ 27 దాకా. యాంటీ వైపు 33, బ్యాక్‌గ్రౌండ్ 14. ఆ బెస్ట్ ఫిట్ విలువలూ, ఆ ప్రోటాన్ల లెక్కా ఇచ్చి మీ ఫైల్ నడిపితే ఈ అంకెల దరిదాపుల్లోకి రావాలి. సిగ్నల్, బ్యాక్‌గ్రౌండ్ విడివిడిగా రావాలి. మొత్తం ఒక్కటే సరిపోతే మోసపోతారు, ఒకటి ఎక్కువై ఇంకోటి తక్కువై కూడా మొత్తం కుదురుతుంది.

ప్రోటాన్ల లెక్కలో ఒక పాత ఉచ్చు. ప్రోటాన్లు = పవర్ × సమయం ÷ ఒక్కో ప్రోటాన్ శక్తి. టీ2కే ప్రోటాన్ 30 జీఈవీ, అంటే 4.8×10⁻⁹ జౌళ్లు. 500 కిలోవాట్ల బీమ్ 1 కోటి సెకన్లు నడిస్తే సుమారు 10²¹. ఫైల్ రాసిన వాళ్లు "సంవత్సరం" అంటే ఆ కోటి సెకన్లనే ఉద్దేశించారో, క్యాలెండర్‌లోని 3.15 కోట్లనో చూసుకోండి. ఇక్కడ పొరబడితే ఈవెంట్లు మూడింతలవుతాయి, మీ 4 సిగ్మాలో కొంత అదే అయ్యుండొచ్చు.

ఆర్డరింగ్ సంగతి. మీరు నార్మల్ ఒక్కటే నడిపారు. ఇన్వర్టెడ్ (మూడో మాస్ అన్నిటికన్నా తేలిక) కూడా టెస్ట్‌లో పెట్టాలి. ఎందుకో చెప్పడానికి మన ఊరి లెక్క వాడతాను. టీ2కే దూరం 295 కిలోమీటర్లు, కాకి ఎగిరే లెక్కన విశాఖ నుంచి విజయవాడ అంత. నోవా 810, విశాఖ నుంచి బెంగళూరు అంత. రాబోయే డ్యూన్ ప్రయోగం 1300, దాదాపు ఢిల్లీ. మొదటి డోలన శిఖరం శక్తి దూరంతో పాటే పెరుగుతుంది: 295కి 0.6 జీఈవీ, 810కి 1.6, 1300కి 2.6. భూమి పదార్థం చూపించే ప్రభావం శక్తితో పెరుగుతుంది కాబట్టి విజయవాడ దాకా పోయే కిరణానికి అది కొద్దిగానే, ఢిల్లీ దాకా పోయేదానికి శిఖరం దగ్గర న్యూట్రినో, యాంటీ న్యూట్రినోల మధ్య తేడా 40 శాతం దాకా. పదార్థ ప్రభావమూ, సీపీ ఉల్లంఘనా రెండూ న్యూట్రినోకీ యాంటీకీ మధ్య తేడాగానే కనిపిస్తాయి. నోవాలో నార్మల్ ఆర్డరింగ్, ఒక డెల్టా కలిసి చేసే పనిని ఇన్వర్టెడ్, ఇంకో డెల్టా కలిసి చేయగలవు. టీ2కే, నోవా ఉమ్మడి విశ్లేషణ 2025 అక్టోబర్‌లో నేచర్‌లో వచ్చింది. నార్మల్ అయితే డెల్టాకి చాలా విలువలు ఇంకా మిగిలే ఉన్నాయని, ఇన్వర్టెడ్ అయితే సీపీ ఉల్లంఘన లేదనే విలువలు 3 సిగ్మా పరిధి బయట ఉన్నాయని చెప్పింది. మోడల్ పరీక్ష ఆర్డరింగ్‌ని బట్టి ఎంత మారుతుందో అక్కడే తెలుస్తుంది.

ఇన్వర్టెడ్‌కి వెళ్లేటప్పుడు 2.51×10⁻³ ముందు మైనస్ గీత పెట్టేసి ఊరుకోకండి. మ్యూయాన్ న్యూట్రినోల తరుగుదల చూసేది మాస్ స్క్వేర్ తేడా 31ని కాదు, 31కీ 32కీ మధ్యనున్న ఒక సగటుని. ఆ సగటు మారకుండా గుర్తు మార్చాలంటే దాదాపు −2.51×10⁻³ + 2 × 0.69 × 7.5×10⁻⁵, అంటే −2.41×10⁻³ నుంచి మొదలుపెట్టాలి. ఉత్త మైనస్ పెట్టి ఫిక్స్ చేస్తే ఇన్వర్టెడ్‌కి లేని శిక్ష పడుతుంది. ఫ్రీగా వదిలినా పక్క గుంటలో ఇరుక్కోవచ్చు.

గుంటల మాట వచ్చింది కాబట్టి: ఒక్క ఆరంభ బిందువుతో ఎప్పుడూ ఆగకండి. థీటా23 42, 49 దగ్గర, డెల్టా 0, 90, 180, 270 దగ్గర, ఆర్డరింగ్ రెండు వైపులా, మొత్తం 16 ఆరంభాలు. పదహారులో చిన్నది మీ కనిష్ఠం.

నా అభిప్రాయం అడిగితే, ఇప్పటి డేటాతో మోడల్‌ని పోల్చడానికి గ్లోబ్స్ అవసరమే లేదు. గ్లోబల్ ఫిట్ చేసే న్యూఫిట్ బృందం వాళ్లు థీటా23, డెల్టా కలిపిన రెండు పరిమాణాల కై-స్క్వేర్ పట్టికలు ఉచితంగా ఇస్తున్నారు. మోడల్ గీతని ఆ పట్టిక మీద గీసి కనిష్ఠం చూడండి. థీటా23 పట్టిక ఒకటి, డెల్టా పట్టిక ఒకటి విడిగా తీసుకుని కూడితే మాత్రం వాటి మధ్య సంబంధం పోతుంది, మీ మోడల్స్ బతికేదే ఆ సంబంధం మీద. గ్లోబ్స్‌ని డ్యూన్, హైపర్-కే లాంటి రాబోయే ప్రయోగాలు ఏం చేయగలవో చూడ్డానికి దాచుకోండి.

---

లాసన్స్‌బే_లెప్టాన్

ముగ్గురికీ ధన్యవాదాలు. ఆర్క్‌కాస్ బగ్ నిజమే, ఇంకేం చెప్పను. మాత్రిక నుంచి ఆర్క్‌టాన్2 పద్ధతికి మారాను, 1/6, 1/3 పరీక్షలు పాస్. సైన్² థీటా12 ట్రూ విలువని 0.3092కి మార్చి జూనో ప్రయర్, దయా బే ప్రయర్ పెట్టాను. 16 ఆరంభాలు. సంవత్సరం లెక్క కూడా తప్పే, సరిచేశాక ఈవెంట్లు దగ్గరికొచ్చాయి.

ఇప్పుడు: మ్యూ–టౌ 1.7, టీఎం1 1.5, టీఎం2 13.9. అంతా తారుమారైంది.

13.9కి వర్గమూలం 3.7. "టీఎం2ని 3.7 సిగ్మాతో తోసిపుచ్చాం" అని రాయొచ్చా?

---

కైలాసగిరి_కైస్క్వేర్

రాయకండి. మూడు అభ్యంతరాలున్నాయి.

వర్గమూలం తీసి సిగ్మా అనడం ఒక్క స్వతంత్ర పరామితికి కుదిరే లెక్క. మామూలు ఫిట్‌లో నాలుగు రాశులు ఫ్రీ: మూడు కోణాలు, డెల్టా. టీఎం2లో రెండే, థీటా, ఫై. అంటే మోడల్ రెండు నిబంధనలు పెట్టింది, కాబట్టి రెండు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్. రెంటికి లెక్క సులువు, పీ-విలువ = e^(−కై-స్క్వేర్ ÷ 2). 13.9కి అది 0.00096, అంటే 3.3 సిగ్మా. 3.7 కాదు. రెంటికి 3 సిగ్మా గీత 11.83 దగ్గర ఉంటుంది, 9 దగ్గర కాదు.

ఆ 3.3 కూడా ఉరామరికే. డెల్టా వృత్తం మీద తిరిగే రాశి, 360 దగ్గర మళ్లీ మొదటికొస్తుంది. ఈవెంట్లు పదుల్లో ఉన్నాయి. ఇలాంటి చోట విల్క్స్ సిద్ధాంతం చెప్పే వితరణ సరిగ్గా వర్తించదు, అందుకే ప్రయోగాల వాళ్లు ఫెల్డ్‌మన్–కజిన్స్ పద్ధతిలో టాయ్‌లు (కంప్యూటర్లో పుట్టించిన నకిలీ డేటాలు) నడుపుతారు. ఇక టీఎం1ని టీఎం2తో నేరుగా పోల్చాలంటే ఒకటి ఇంకోదానిలో ఇమడదు కాబట్టి విల్క్స్ ఊసే లేదు. రెండు కై-స్క్వేర్‌ల తేడా తీసి, టీఎం2 నిజమనుకుని పుట్టించిన టాయ్‌ల్లో ఆ తేడా ఎలా పరుచుకుంటుందో చూడాలి.

అన్నిటికన్నా ముఖ్యం మూడోది. 13.9ని ముక్కలు చేసి చూడండి. జూనో ప్రయర్ వాటా ఎంత? 0.3409 − 0.3092 = 0.0317, దాన్ని 0.0087తో భాగిస్తే 3.64, వర్గం 13.3. మిగిలింది 0.6. అంటే టీఎం2ని దాదాపు పూర్తిగా పడగొట్టింది చైనాలో ఒక రియాక్టర్ ప్రయోగం, అదీ సీపీతో ఏ సంబంధమూ లేని కోణం కొలిచి. టీ2కే, నోవా చేతికి మట్టే అంటలేదు. దీన్ని "సీపీ ఉల్లంఘన పరీక్షలో టీఎం2 విఫలం" అని రాస్తే అబద్ధమవుతుంది. పట్టికలో కై-స్క్వేర్‌ని రెండు గళ్లుగా విడగొట్టి ఇవ్వండి: ప్రయర్ల వాటా, డోలనాల వాటా. ప్రతి మోడల్ పేపర్లోనూ ఇలా ఇస్తే బాగుండును, చాలామంది ఇవ్వరు.

ఒక జాగ్రత్త. మోడల్ సూత్రాలు ఎక్కడో చాలా ఎత్తు శక్తి దగ్గర రాసినవి. కిందికొచ్చేసరికి రీనార్మలైజేషన్ (శక్తితో పాటు పరామితుల విలువలు మారడం) వల్ల కోణాలు జరుగుతాయి. నార్మల్ ఆర్డరింగ్, తేలికైన న్యూట్రినో మాస్ సున్నాకి దగ్గరైతే జరుగుడు లెక్కలోకి రాదు. మాస్‌లు దాదాపు సమానంగా ఉంటే, సూపర్ సిమ్మెట్రీలో టాన్ బీటా పెద్దదైతే, అన్నిటికన్నా ఎక్కువ జరిగేది థీటా12. టీఎం2 చావుబతుకులు తేల్చేదీ అదే కదా. మీ వాక్యంలో "జరుగుడు ఉపేక్షిస్తే" అన్న మాట ఉండి తీరాలి.

---

లాసన్స్‌బే_లెప్టాన్

అర్థమైందండి. మరి నిజంగా సీపీ పరీక్ష అనిపించుకునేది ఏది? టీఎం1కీ మ్యూ–టౌకీ తేడా తేల్చడమా?

---

పెదవాల్తేరు_బీమ్‌లైన్

అదే, కానీ ఎంత కష్టమో చూడండి. థీటా23 49 అయితే టీఎం1 −72 అంటుంది, మ్యూ–టౌ −90 అంటుంది. 18 డిగ్రీలు చాలా ఎక్కువనిపిస్తుంది. కానీ శిఖరం దగ్గర న్యూట్రినో–యాంటీ తేడాని నడిపేది సైన్ డెల్టా. సైన్ 90 = 1, సైన్ 72 = 0.951. తేడా 5 శాతమే. గరిష్ఠ సీపీ వల్ల వచ్చే అసౌష్ఠవమే సుమారు 30 శాతం, అందులో 5 శాతమంటే ఒకటిన్నర శాతం. ఎలక్ట్రాన్ న్యూట్రినో, యాంటీ న్యూట్రినో క్రాస్ సెక్షన్ల నిష్పత్తి మీద ఉండే అనిశ్చితే దీన్ని మింగేస్తుంది. కొండ శిఖరం మీద నిలబడ్డవాడు రెండడుగులు జరిగితే ఎత్తు ఏం మారుతుంది? డెల్టా 90 దగ్గర ఉంటే దాన్ని కచ్చితంగా కొలవడం, సున్నా దగ్గర ఉంటే కొలవడం కన్నా కష్టమయ్యేది ఇందుకే.

దారి లేకపోలేదు. కాస్ డెల్టా 0 నుంచి 0.31కి మారింది కదా. కాస్ పదం శిఖరం దగ్గర సున్నా అయినా శిఖరానికి అటూ ఇటూ కనిపిస్తుంది, స్పెక్ట్రమ్‌ని కొద్దిగా పక్కకి జరుపుతుంది. అంటే ఈవెంట్ల సంఖ్య కాదు, శక్తి వారీగా వాటి ఆకారం కావాలి. టీ2కే, నోవా ఆఫ్-యాక్సిస్ (బీమ్ మధ్యగీతకి కాస్త పక్కన డిటెక్టర్ ఉండే) ప్రయోగాలు, వాటి బీమ్ శక్తి పరిధి సన్నటిది. డ్యూన్ బీమ్ వెడల్పు, కాబట్టి ఈ పనికి అది నయం. కానీ అక్కడ శత్రువు మారతాడు: ఎనర్జీ స్కేల్. స్పెక్ట్రమ్ మొత్తం ఒక శాతం జరిగితే అది కాస్ డెల్టాలా వేషం వేస్తుంది. గ్లోబ్స్‌లో మామూలుగా పెట్టే నార్మలైజేషన్, టిల్ట్ సిస్టమాటిక్స్‌లో ఈ ఎనర్జీ స్కేల్ ఉండదు. ఎనర్జీ కాలిబ్రేషన్ సిస్టమాటిక్‌ని మీరే కలుపుకోవాలి. అది లేకుండా డ్యూన్ టీఎం1ని, మ్యూ–టౌని ఇన్ని సిగ్మాలతో విడదీస్తుందని ఎవరు రాసినా నేను ఒక మెట్టు దించే చదువుతాను.

థీటా23 ఏ అష్టకంలో (45కి పైనో కిందో) ఉందో కూడా తేలాలి. అది 45 అని తేలితే టీఎం1, మ్యూ–టౌ ఒకే డెల్టా చెబుతాయి, ఇక వాటిని డెల్టా విడదీయలేదు.

---

ఎంవీపీ_ఎమ్మెస్సీ

మధ్యలో చిన్న సందేహం. క్వార్కుల్లో సీపీ ఉల్లంఘన విశ్వంలో పదార్థం మిగలడానికి చాలదంటారు. డెల్టా −90 అని తేలితే లెప్టాన్ల వైపు నుంచి ఆ లెక్క సరిపోయినట్టేనా?

---

సింహాచలం_సంపెంగ

సరిపోయినట్టు కాదు తమ్ముడూ. జార్ల్‌స్కోగ్ రాశి క్వార్కుల్లో 3×10⁻⁵, లెప్టాన్లలో 0.033 × సైన్ డెల్టా దాకా, వెయ్యింతలు పెద్దది. ఆ నిష్పత్తి చూసి చాలామంది పొంగిపోతారు. కానీ లెప్టోజెనిసిస్‌లో (విశ్వంలో పదార్థం మిగలడానికి లెప్టాన్లే మూలమనే సిద్ధాంతం) పనిచేసే ఫేజ్‌లు భారీ న్యూట్రినోల కప్లింగ్‌లవి. వాటికీ డోలనాల డెల్టాకీ మధ్య వంతెన వేసేది మోడలే. ఒక మోడల్‌లో డెల్టా సున్నా అయినా లెప్టోజెనిసిస్ నడుస్తుంది, ఇంకోదానిలో డెల్టా −90 ఉన్నా నడవదు. కాబట్టి ఈ లెక్క కూడా మోడల్ పరీక్షే, ఇంకో వరుస కలిపినది: బేరియాన్–ఫోటాన్ నిష్పత్తి 6×10⁻¹⁰ రావాలి, గుర్తు కూడా సరిపోవాలి. గుర్తుని మర్చిపోవద్దు, పరిమాణం కుదిరి గుర్తు తిరగబడే మోడల్స్ ఉంటాయి.

---

లాసన్స్‌బే_లెప్టాన్

టాయ్‌లు మొదలుపెడుతున్నాను. డిపార్ట్‌మెంట్ డెస్క్‌టాప్ ఒక్కటే ఉంది. ఎన్ని నడపాలి, గ్లోబ్స్‌లో ఎలా నడపాలి?

---

కైలాసగిరి_కైస్క్వేర్

3 సిగ్మా అంటే 0.0027. పదివేల టాయ్‌లు వేస్తే ఆ గీత అవతల 27 పడతాయి, వాటి మీద అనిశ్చితి 19 శాతం. "3 సిగ్మా చుట్టుపక్కల" అని చెప్పడానికి చాలు. వెయ్యి వేస్తే రెండో మూడో పడతాయి, దానితో ఏమీ చెప్పలేరు. పదివేలు × 16 ఆరంభాలు = లక్షా అరవై వేల మినిమైజేషన్లు. ఒక్కోటి సెకనులో పదో వంతు తీసుకుంటే నాలుగున్నర గంటలు. రెండు మోడల్స్‌కి తొమ్మిది.

గ్లోబ్స్ ట్రూ డేటా హెచ్చుతగ్గులు లేని సగటు. టీఎం2 బెస్ట్ ఫిట్‌తో రేట్లు సెట్ చేసి, రూల్ రేట్ పాయింటర్ తీసుకుని, అసలు సగటుని పక్కన కాపీ పెట్టుకోండి. తర్వాత ప్రతి బిన్‌లోనూ పాయిసాన్ సంఖ్య వేయండి. కాపీ పెట్టుకోకపోతే రెండో టాయ్ మొదటి టాయ్ మీద, మూడోది రెండోదాని మీద పడి, వందో టాయ్‌కి స్పెక్ట్రమ్ గుర్తుపట్టలేనంతగా చెదిరిపోతుంది. ఎర్రర్ ఏదీ రాదు. ప్రయర్ కేంద్రాల్ని కూడా ప్రతి టాయ్‌లో గౌసియన్‌గా కదపాలి, జూనో కొలత కూడా ఒక డేటానే కదా. అది మర్చిపోతే వితరణ సన్నగా వచ్చి సిగ్మాలు ఉబ్బుతాయి.

ప్రతి వంద టాయ్‌లకీ ఫలితమూ, రాండమ్ జనరేటర్ స్థితీ రెండూ ఫైల్లోకి రాయించండి. సీడ్ ఒక్కటే దాచితే కరెంటు పోయి వచ్చాక మళ్లీ అవే టాయ్‌లు మొదటి నుంచి పుడతాయి, మీరేమో కొత్తవనుకుని కలిపేస్తారు. అక్టోబర్, నవంబర్ వాయుగుండాల రోజుల్లో మన ఊళ్లో ఇది ఎన్నిసార్లు పనికొస్తుందో చెప్పక్కర్లేదు.